చీమ నడిచినంత చప్పుడు

చెవుల సంగతి వస్తే నన్ను మించినవాడు లేడు. గోడకి అవతల చీమ తుమ్మితే ఇవతల నేను నిద్ర లేస్తాను. వానకు ముందు మబ్బులు సర్దుకు కూర్చుంటున్న చప్పుడు విని, ఆరేసిన బట్టలు లోపల వేయించిన మనిషిని. అందుకని ఈ కథలో ఎవరు ఏ మాట ఏ గొంతుతో అన్నారో పొల్లు పోకుండా చెప్పగలను. నా సొంతం ఒక్క పోగు కూడా కలపను.

కథ సూదమ్మది. అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. పియానో కడుపులో తీగల్ని కొట్టే చిన్న చిన్న సుత్తులుంటాయి. వాటి మొహాలకి ఒత్తుగా ఫెల్టు గుడ్డ అంటించి ఉంటుంది. వాయించగా వాయించగా ఆ గుడ్డ బిగిసిపోయి, స్వరం గాజుపెంకు గీసినట్టు మోగుతుంది. అప్పుడు సన్నని సూదులు దిగేసిన పిడి పట్టుకుని, సుత్తి భుజాల్లో పొడిచి పొడిచి ఆ గుడ్డని మళ్ళీ మెత్తబరచాలి. ఆ పని చేసే మనిషి కాబట్టి హాల్లో అందరూ సూదమ్మ అన్నారు. నాలుక కూడా అదే కోవలోది కావడంతో పేరు అతుక్కుపోయింది.

తీగల శ్రుతి చూసేది ఆమె అక్క మొగుడు. హాలుకి ఆయన మాస్టారు, సూదమ్మకి బావ. పని నేర్పిందీ ఆయనే. ఆ ఇంట్లో ఆయన చెవికి ఎదురు లేదు. గోడ గడియారం ఆయన్ని అడిగి గంట కొడుతుందని సూదమ్మే నవ్వేది.

ఆ పొద్దున హాల్లో జరిగింది చూడటానికి చిన్న మాటే. అంతకుముందు సాయంత్రం కచేరీ చేసిన ఆవిడ వెళుతూ వెళుతూ, "మీ పియానో కుడిచేతి చివర పాడైంది, చూసుకోండి" అని మేనేజరు చెవిన వేసి పోయింది. మేనేజరు ఇద్దర్నీ వేదిక మీదికి పిలిచాడు. ఆయన పియానోలో వేళ్ళతో నొక్కే తెలుపు నలుపు మెట్ల మీద ఎన్నడూ వేలు పెట్టడు గాని, మూత మీద మాత్రం వేళ్ళతో దరువు వేస్తూ ఉంటాడు.

"ఏంటి మాస్టారూ, చివర్లో ఏదో తేడా అంటున్నారు?"

బావ తీగలు బిగించే మేకుల్ని తిప్పే కీ పిడిని గుడ్డతో తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"శ్రుతి నాది. అందులో తేడా రాదు. సుత్తులు బిగిసి ఉంటాయి."

"సుత్తులు ఎవరు చూస్తారు?"

"మా మరదలు."

సూదమ్మ చేతిలో సూదుల పిడి అలాగే ఉండిపోయింది. బావ వైపు చూసింది. ఆయన ఉన్న జిడ్డూ లేని జిడ్డూ వదిలేలా ఆ కీని ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

"అయితే అమ్మా, సుత్తుల పని ఇక మీరు వదిలేయండి," అన్నాడు మేనేజరు, బస్సు దిగమన్నంత తేలిగ్గా. "ఆదివారం కచేరీ అవగానే వేరేవాళ్ళని చూసుకుంటాం. మాస్టారూ, మీరూ వినండి. ఇప్పుడంతా కంప్యూటరు ముందు పెట్టుకునే శ్రుతి చేస్తున్నారట. ఆదివారం నాటికి అంతా సరిగ్గా ఉందని తెరమీద చూపించండి. నోటిమాట మీద నడిచే రోజులు పోయాయి."

బావ మొహం కందగడ్డ అయింది. "నా చెవికి కంప్యూటరు సాక్ష్యమా?"

"సాక్ష్యమే అనుకోండి," అని మేనేజరు మూత మీద ఆఖరి దరువు వేసి వెళ్ళిపోయాడు.

పని అయ్యాక వేదిక అంచున కూర్చుని, సూదమ్మ ఫ్లాస్కులోని టీ మూతలో ఒకరు, గ్లాసులో ఒకరు తాగడం, ఆమె పని నేర్చుకున్ననాటి నుంచీ ఉన్న అలవాటు. బావ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. సూదమ్మ నిలబడే తన వాటా తాగి, కిర్రుమనేలా మూత బిగించి, ఫ్లాస్కు సంచిలో పడేసింది.

"మరి నాకో?"

"ఇంటికెళ్ళి తాగండి బావగారూ."

బావగారూ అనీ, తాగండి అనీ ఆమె ఆయన్ని అనడం అదే మొదలు. అప్పటిదాకా నోరారా నువ్వే.

మధ్యాహ్నం అయ్యేసరికి కబురు ఆమె పియానోలు చూసే సంగీతం బడికి కూడా పాకింది. అక్కడి పెద్ద టీచరు ఫోను చేసి, "ఈసారికి రావద్దులే అమ్మా, మళ్ళీ చూసి చెప్తాం" అంది. చూసి చెప్తామన్నవాళ్ళు చూడనూ చూడరు, చెప్పనూ చెప్పరు. హాలు వద్దన్న చేతిని ఇంకెవరు రమ్మంటారు? సూదమ్మ తన గదిలో పాత సుత్తుల పెట్టె తెరిచి, ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూసింది. హాలు పియానోకి తను చేసింది కూడా ఇంత మెత్తగానే చేసిందే. మరి బావ ఎందుకన్నాడు? కోపం వచ్చింది. ఆ కోపం అడుగున, ముల్లులా, ఒక అనుమానం. కచేరీ రోజు పొద్దున బావ శ్రుతి ముగించి లేచాక, కుడి చివరనున్న పై మెట్ల స్వరం కాస్త కిందికి వేలాడుతున్నట్టు ఆమెకి అనిపించింది. అనిపించినా నోరు మెదపలేదు. బావ సరే అన్నాక సరే. తప్పు తన చెవిదేమో, తన సూదిదేమో అనుకుంది. ఇప్పుడూ అదే అనుకుంటూ, నిక్షేపంలా ఉన్న సుత్తిని పొడిచి పొడిచి పాడు చేసింది.

మర్నాడు అక్క ఫోను చేసింది. "మీ బావ కంప్యూటరు కొంటారట. ఆ ఇంగ్లీషు గొడవ ఆయనకి అర్థం కాదే. నువ్వు తోడు వెళ్ళు."

"నేనెందుకు? సుత్తులు బిగిసిపోయినదాన్ని."

"ఆయన కోసం కాదు. నా కోసం వెళ్ళు."

అక్క అలా అంటే సూదమ్మకి కాళ్ళు వాటంతట అవే నడుస్తాయి. అది అక్కకీ తెలుసు.

షాపతను తెర వెడల్పు, మెమరీ, ఆటలు ఆడితే ఎలా పరిగెడుతుందో ఏకరువు పెట్టాడు. బావ అంతా విని, "అవన్నీ సరే నాయనా. ఇది ఎంత నోరు చేస్తుంది?" అన్నాడు.

"నోరా సార్?"

"చప్పుడు. నేను తీగ వినాలా, దీని గురక వినాలా? ఆ పాట కట్టెయ్యి ముందు."

షాపులో మోగుతున్న పాట ఆపించి, ఒక్కో ల్యాప్‌టాప్‌నీ ఆన్ చేయించి, దాని మీటల మీదికి చెంప వాల్చి వినడం మొదలుపెట్టాడు. ఫోను కవరు కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు వచ్చిన పని మరిచి నిలబడిపోయారు. మొదటిది విని, "తేనెతుట్టె" అన్నాడు. రెండోదాని దగ్గర మొహం చిట్లించి, "దీని పొట్టలో ఎవరో పిండి మర నడుపుతున్నారు" అన్నాడు. మూడోది పల్చగా, పలకలా ఉంది.

"దీంట్లో అసలు ఫ్యానే ఉండదు సార్," అన్నాడు షాపతను.

బావ దాని మీద చెంప ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి లేచి, గెలిచినవాడిలా చుట్టూ చూశాడు.

"చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు."

సూదమ్మకి అప్పటికే వినపడుతోంది. సన్నని కూత. చెవి దగ్గర దోమ తిరుగుతున్నట్టు, పియానో చివరి మెట్ల స్వరం దాపుల్లో ఎక్కడో నిలిచి, తెగకుండా సాగే కూత. మొదట పైనున్న ట్యూబులైటు అనుకుంది. వంగి చూస్తే కూత దగ్గరైంది. వెనక్కి జరిగితే దూరమైంది. సందేహం లేదు, ఆ పలకే. తల ఎత్తేసరికి షాపతను ఆమెనే చూస్తున్నాడు. అతనికీ వినపడుతోంది. చూపులు కలవగానే ముక్కు గోక్కుంటూ గోడ మీది ధరల పట్టీ చదువుకోసాగాడు.

"బావగారూ, ఇంకోసారి వినండి."

"ఎందుకు?"

"ఊరికే. సరిగ్గా వినండి."

బావ ఆమెవైపు తిరిగాడు. రెండు రోజుల నుంచి మింగుతున్న అవమానమంతా ఆమె మీదే కక్కాడు. "వినడం నువ్వు నాకు నేర్పుతావా? నీ సుత్తులు నువ్వు సరిగ్గా చూసుకుని ఉంటే మనం ఈ షాపు గడప ఎక్కేవాళ్ళమే కాదు."

కవర్ల కోసం వచ్చినవాళ్ళు ఇటు తిరిగారు. సూదమ్మకి అప్పుడు అర్థమైంది. ఈయనకి వినపడటం లేదు. దోమకూత వినపడటం లేదు. పై మెట్లూ వినపడటం లేదు. ఆ ముక్క చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచిన నోటితో వేరే మాట అంది.

"అయితే ఇదే తీసుకోండి బావగారూ. ఇంత నెమ్మదైనది మళ్ళీ దొరకదు."

"మంచి సెలక్షన్ మేడమ్," అన్నాడు షాపతను, పరామర్శకు వచ్చినవాడి గొంతుతో. పెట్టె కడుతూ, ఎవరూ అడగకుండానే, పొడుగు తీగ ఉన్న చిన్న మైకొకటి అందులో పడేశాడు. "ఇది ఊరికే ఇస్తున్నాం సార్. పనికొస్తుంది."

ఇంటికొచ్చాక బావ ల్యాప్‌టాప్‌ని భోజనాల బల్ల మీద పెట్టి, స్నానానికి వెళ్ళాడు. సూదమ్మ శ్రుతి ప్రోగ్రామ్ ఎక్కిస్తోంది. వంటగదిలోంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంటే అది, కూస్తోంది?"

"నీకు వినపడుతోందా?"

"నాకేం చెవుడా?" అంది అక్క. అన్నాక ఆమె చేతులు తువ్వాలులోనే ఆగిపోయాయి.

సూదమ్మ ఆ చేతుల్నే చూసింది. "నీకు తెలుసు."

అక్క మళ్ళీ వంటగదిలోకి వెళ్ళి, శుభ్రంగా ఉన్న గట్టుని తుడవసాగింది. "బట్టల మెషీను పనైపోతే కీచు కీచుమంటుంది చూడు. దాని పక్కనే కూర్చుని, ఇంకా కాలేదా అంటారు. చాలా రోజులైంది."

"నన్ను పనిలోంచి తీసేశారని చెప్పినప్పుడు కూడా నీకు తెలుసు."

"తెలుసే."

"మరి?"

"ఆ చెవి తప్ప ఆయనకేముంది? అది పోయిందని తెలిస్తే మనిషి కూలిపోతాడు."

"నేను కూలిపోతే?"

అక్క వెనక్కి తిరగలేదు. "నువ్వు చిన్నదానివి. మళ్ళీ లేస్తావు."

సూదమ్మ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకి, స్నానాల గదిలోంచి "ఎవరది?" అన్నాడు బావ. అది మాత్రం వినపడింది. ఆమె చెప్పులేసుకుని బయటికొచ్చింది. వీధిలో నడుస్తూ మాటలు నూరుకుంది. శనివారం హాల్లో, మేనేజరు ముందు, ఆ పలకని బావ చెవి కింద పెట్టి అడుగుతుంది. ఇది కూస్తోందా లేదా చెప్పండి బావగారూ అని అడుగుతుంది. ఆయన ఏ మాటతో తన కాళ్ళు విరిచాడో, ఆ మాట ఆయన చేతే వెనక్కి మింగిస్తుంది. అక్క కోసం ఈసారి కాళ్ళు కదలవు.

శనివారం ఆమె తన పనిముట్ల పెట్టె తీసుకుపోవడానికి వచ్చింది. ప్రోగ్రామ్ నడపడం రాక బావ ఆమెను ఆపాడు. ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి.

ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద పెళ్ళిచూపులైంది. ముందు మూత మీద పెట్టాడు. మెట్టు నొక్కగానే మూత అదిరి, తెర మీది బొమ్మ వణికింది. పైగా ఆ నల్లటి మెరుపు మీద గీత పడిందంటే మేనేజరు చర్మం ఒలుస్తాడు. స్వరాల పుస్తకం పెట్టే చట్రం మీద పెడదామంటే, మేకులు అందాలంటే ముందు ఆ చట్రమే ఊడదీయాలి. కుర్చీ మీద పెడితే మెట్టు మెట్టుకీ వంగి దణ్ణం పెట్టాల్సి వచ్చింది. చివరికి పియానో కుడి కొసన, ఇనుప చట్రం మీద తువ్వాలు మడిచి వేసి, దాని మీద నిలబెట్టి, తెరని తనవైపు తిప్పుకున్నాడు.

"ఇదీ చోటు. ముక్కు కిందే ఉంది, చేతికి అడ్డం లేదు."

తెర మీద ఒక చక్రం ఉంటుంది. స్వరం సరిగ్గా ఉంటే కదలదు. కిందికి ఉంటే ఎడమకీ, పైకి ఉంటే కుడికీ తిరుగుతుంది. బావ ఎడమవైపు బరువు తీగలు, మధ్య తీగలు ఎప్పటిలా చెవితోనే బిగించి, ఆ తరవాతే తెర చూశాడు. ప్రతిసారీ చక్రం గుడిమెట్టులా కదలకుండా నిలబడింది.

"చూశావా? మీ కంప్యూటరు నా చెవికి సలాం కొడుతోంది."

పై మెట్ల వంతు వచ్చింది. చక్రం వణికింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది, పూనకం వచ్చినట్టు ఊగింది. బావ మెట్టు మీంచి చెయ్యి తీసేశాడు. తీసినా ఊగుతూనే ఉంది.

"ఎవడు వాయిస్తున్నాడని తిరుగుతోందిది?" తెర అంచు మీద అరచేత్తో చరిచాడు. "డబ్బా. వట్టి డబ్బా. దీన్నా సాక్ష్యం అంటాడు వాడు?"

వేదిక ఊడుస్తున్న ఆవిడ చీపురు ఆపింది. "కొట్టకండి బాబూ. అది కూస్తోంది కదా, అందుకేమో."

"ఏది కూస్తోంది?"

"ఆ పెట్టె. ఇందాకట్నుంచీ కూస్తూనే ఉంది, దోమలా. మీరేదో పని మీద కూయిస్తున్నారనుకున్నాను."

ఆ పూట నేనూ అక్కడే ఉన్నాను. మూడో వరసలో వదులైన కుర్చీకి మర బిగిస్తున్నాను, ఆ హాలు కుర్చీలన్నిటికీ వైద్యుణ్ణి నేనే. చెవులు రిక్కించి విన్నాను. ఒట్టు, నాకూ ఏమీ వినపడలేదు. చీమ తుమ్ము సంగతి ఇక మీరు మరిచిపోవచ్చు.

బావ వంగి పలక మీద చెంప ఆనించాడు. ఈ చెవి, ఆ చెవి. లేచి సూదమ్మని చూశాడు.

"కూస్తోందా?"

"షాపులోనే కూసింది."

"చెప్పలేదేం?"

"సుత్తులు బిగిశాయని చెప్పేముందు మీరు నన్ను అడిగారా?"

నూరుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. మేనేజరు ఇంకా రాలేదు. ఆమె ల్యాప్‌టాప్‌ని విసురుగా ఎత్తి, వేదికకి ఎడమ కొసన ఉన్న స్టూలు మీద పెట్టింది. షాపతను పడేసిన మైకు తీగ లాగి, మైకుని పై తీగల దగ్గర తువ్వాలు మీద ఆనించింది. కూత ఇక మైకుకి అందక చక్రం ఆగింది.

"ఇప్పుడు కొట్టండి."

బావ పై మెట్టు నొక్కాడు. చక్రం ఎడమకి తిరిగింది. పక్క మెట్టు నొక్కాడు. ఎడమకి. ఆ పక్కది, ఆ పక్కది, చిట్టచివరిది. అన్నీ ఎడమకే. ఆయన చివరి మెట్టుని మళ్ళీ మళ్ళీ నొక్కుతూ, తలని తీగల మీదికి వంచాడు.

"నాకు టక్కుమని కొయ్య చప్పుడే వస్తోంది," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "కొయ్య మీద కొయ్య పడ్డట్టు. చాన్నాళ్ళ నుంచీ అంతే. సుత్తి గట్టిపడితే అలాగే కదా ఉంటుంది. అందుకే నీ సుత్తులే అనుకున్నాను."

"స్వరం ఉంది. మీకు అందడం లేదు."

ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని మెల్లగా వేదిక పరదా వెనక్కి జారుకుంది. అప్పుడు మేనేజరు ఎడమవైపు మెట్లెక్కి స్టూలు వెనకగా వచ్చాడు. స్టూలు ఎడమ కొసన ఉంది. తెర బావకీ సూదమ్మకీ కనపడుతోంది. మేనేజరుకి దాని వీపే కనపడుతోంది.

"ఏమంటోంది మాస్టారూ కంప్యూటరు? సుత్తుల తప్పేనా?"

సూదమ్మ అడగాలనుకున్నదంతా నాలుక మీదే ఉంది, కాని ముందు ఈయన ఏమంటాడో వినాలనిపించింది. బావ కీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అవునంటే చాలు. అటువైపు నుంచి చక్రం ఎవరికీ కనపడదు. ఆయన నడిచి వెళ్ళి, స్టూలుని రెండు చేతులా పట్టుకుని, తెర మేనేజరుకి ఎదురయ్యేలా తిప్పాడు. వెనక్కి వచ్చి చివరి మెట్టు నొక్కాడు.

"ఎడమకి తిరుగుతోంది చూడండి. అంటే శ్రుతి కిందికి ఉంది. సుత్తులు నిక్షేపంగా ఉన్నాయి. పై మెట్లు నాకు వినపడటం లేదు. తప్పు నాది, మా మరదలిది కాదు."

మేనేజరు ఒకసారి తెరని, ఒకసారి గడియారాన్ని చూశాడు. "ఎవరి తప్పయితే ఏముందండీ. రేపటికి అయిపోవాలి, అంతే."

బావ కీని సూదమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తీసుకుని, మేకుకి తగిలించకుండా, మేనేజరు దరువు వేసే ఆ నల్లటి మూత మీదే పెట్టింది.

"నన్ను వద్దన్నారు కదా. ఆ మాట సంగతేంటి?"

"అదంతా తరవాత చూద్దాం అమ్మా."

"అయితే శ్రుతి కూడా తరవాతే చూద్దాం."

"అబ్బ, వద్దన్నదీ నేనే, రమ్మంటున్నదీ నేనే. సరేనా?"

"సంగీతం బడికి కూడా మీ మాటే వెళ్ళింది. ఇక్కడే, నా ముందే చెప్పండి."

మేనేజరు బావ వైపు చూశాడు, సర్దిచెప్తాడేమోనని. బావ తల దించుకుని తువ్వాలు మడత పెడుతున్నాడు. గత్యంతరం లేక ఫోను తీసి, నిమ్మకాయ నమిలిన మొహంతో, పెద్ద టీచరుకి చెప్పాల్సిన ముక్క చెప్పాడు. చెప్పేదాకా సూదమ్మ కదల్లేదు.

తరవాత స్టూలుని తనకి కనపడేలా తిప్పుకుని, కీ తగిలించింది. పై మెట్లలో మేకు వెంట్రుక వాసి కదిలినా స్వరం ఎక్కడికో ఎగిరిపోతుంది. భుజం బిగబట్టి, ఊపిరి బిగబట్టి, ముందు చెవితో విని, ఆ పైన తెర చూసింది. అది ఆయన నేర్పిన పద్ధతే. బావ పక్కన నిలబడి, ఆమె చెయ్యి చాచినప్పుడల్లా తీగల మధ్య పెట్టే రబ్బరు ముక్క అందించాడు. ఎక్కడా నోరు చేసుకోలేదు. ఏ మెట్టూ బాగుందనీ అనలేదు, ఆ మాట అనే చెవి లేదని ఆయనకిప్పుడు తెలుసు.

పని అయ్యాక బావ వేదిక అంచున కూర్చున్నాడు. గ్లాసు పక్కన పెట్టుకున్నాడు గాని, అడగలేదు. సూదమ్మ ఫ్లాస్కు తీసింది. మూతలో తనకి పోసుకుంది. కాసేపు ఆలోచించి, మిగిలింది ఆయన గ్లాసులో వంచింది.

మొదట్లో ఒక్క పోగు కూడా కలపనన్నాను కదా. ఒకటి కలిపాను. కూత నిజం, చక్రం నిజం, బావ తెర తిప్పడం నిజం. నిమ్మకాయ మొహంతోనే అయినా మేనేజరు ఫోను చేయడం కూడా నిజం. ఆ టీ మాత్రం పోసింది నేను. ఆమె నిలబడే తన వాటా తాగి, మూత బిగించి, ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని, "వస్తాను బావగారూ" అని వెళ్ళిపోయింది. ఆ మూత బిగించిన కిర్రు చప్పుడు మాత్రం బావకీ వినపడింది, నాకూ వినపడింది.